నాలుగు వారాల నునుపు

మా వైపు మగపిల్లాడి ఒంటి మీద వెంట్రుకలకు పూచీ తల్లిది. తండ్రి పోలిక అనో, వంశంలోనే ఉందనో ఎవరూ అనరు. "చిన్నప్పుడు నలుగు సరిగ్గా పెట్టలేదు" అంటారు. పురుడు వెళ్ళిన దగ్గర నుంచి పసివాణ్ణి కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని, నూనె రాసి, శెనగపిండిలో పసుపూ మీగడా కలిపి ముద్ద చేసి, ఆ ముద్దను వీపు మీదా చేతుల మీదా నుదుటి మీదా దొర్లిస్తారు. ఒంటి మీది నూగంతా ముద్దకు అంటుకుని వచ్చేస్తుంది. మూడు నెలలు ఓపిగ్గా ఆ పని చేసిన తల్లి కొడుకు పెద్దయ్యాక నున్నగా ఉంటాడనీ, చెయ్యని తల్లి కొడుకు నాలాగా ఉంటాడనీ చల్లపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళ గట్టి నమ్మకం.

నాలాగా అంటే ఎలాగో చెప్పాలి. పదహారో ఏడు వచ్చేసరికి ఛాతీ, వీపు, భుజాలు, చేతులు, ఎక్కడా ఖాళీ లేదు. చొక్కా విప్పితే లోపల ఇంకో చొక్కా తొడుక్కున్నట్టు ఉండేవాణ్ణి. కాలవలో ఈతకు దిగితే గట్టు మీద వాళ్ళు "గొంగళి తడుపుకోకురా, ఆరడానికి రెండ్రోజులు పడుద్ది" అనేవాళ్ళు. మా నాన్న చూస్తే అరటిదూటలా నున్నటి మనిషి. దాంతో నేరం మొత్తం అమ్మ మీద పడింది. నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ నా వీపు కనపడ్డప్పుడల్లా అమ్మ వైపు ఒక చూపు చూసేది. అమ్మ వచ్చి నా చొక్కా చెయ్యి కిందికి లాగి గుండీ పెట్టేది.

పదిహేడో ఏట మా పెదనాన్న కొడుకు పెళ్ళి. అన్నయ్యను పెళ్ళికొడుకును చేస్తున్నారు. నీళ్ళ బిందెలు మొయ్యమంటే చొక్కా తీసి పక్కన పెట్టి మోస్తున్నాను. పసుపు చేతులతో ఉన్న మేనత్త ఒకావిడ నన్ను చూసి అమ్మతో, "ఏమే వదినా, నీ కొడుక్కి నలుగు పెట్టావా, ఎరువు పెట్టావా?" అంది. పందిరంతా నవ్వింది. నాకు కోపం వస్తే నోరు ఆగదు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. "మా అమ్మనే అడుగత్తయ్యా. బద్ధకించింది. పడుకుని నిద్రపోయుంటది" అన్నాను. అప్పటిదాకా నవ్వనివాళ్ళు కూడా నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నవ్వి, పసుపు గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది.

తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి రెండు గేదెల పాలు పితికి, ఇంటిల్లిపాదికీ వండి, నాన్నకు రైసుమిల్లుకు క్యారేజీ పంపించే మనిషి ఆమె. బద్ధకం అన్న మాట ఆమె దరిదాపుల్లోకి రాదని నాకు తెలుసు. అత్తగారు అంటే సాధింపు అనుకుంటారు జనం. కన్నకొడుకే నలుగురిలో అన్నాడంటే ఇంకేముంది. ఆ మాట ఊళ్ళో నిలబడిపోయింది. పేరంటాల్లో, పసిపిల్లల స్నానాల దగ్గర, "అశ్రద్ధ చేశావంటే ఫలానా వాళ్ళబ్బాయిలా అవుతాడు" అనడం మొదలైంది. ఆ మాటను వెనక్కి తీసుకోవాలని ఆరోజు సాయంత్రమే అనిపించింది. కానీ మా ఇళ్ళల్లో తల్లికి క్షమాపణ చెప్పే అలవాటు లేదు. కాఫీ ఇంకొంచెం పొయ్యమని అడుగుతాం, అంతే.

డిగ్రీ అయ్యాక విజయవాడ వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్లో పనికి కుదిరాను. గోడౌన్‌లో సరుకు దించడం, చీటీలు రాయడం నా పని. కొట్టుకు నాలుగు సందుల అవతల ఒక వ్యాయామశాల ఉండేది. మావాళ్ళు జిమ్ము అనేవాళ్ళు గానీ రేకుల షెడ్డు, ఇనప గుండ్లు, పగిలిన నిలువుటద్దం, అంతే అక్కడ. దాన్ని నడిపే ఉస్తాద్ పగలంతా ట్రంకు పెట్టెలు చేసేవాడు, సాయంత్రం మా చేత బరువులెత్తించేవాడు. నాకు పదిహేనేళ్ళు పెద్ద. తిట్టినా "బాబూ" అనే తిట్టేవాడు. రెండేళ్ళలో నాకు నిజంగానే కండ పట్టింది. జిల్లా కండల పోటీకి పేరు ఇస్తానన్నప్పుడు మాత్రం ఉస్తాద్ నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "బాడీ ఉంది బాబూ. ఎక్కడుందో జడ్జీలకు కనపడొద్దా?" అన్నాడు.

బ్లేడుతో మొదలుపెట్టాను. గీసిన రోజు బాగానే ఉండేది. రెండో రోజు దురద, మూడో రోజు ఒళ్ళంతా ఎర్రటి పొక్కులు, నాలుగో రోజు గరుకు కాగితం. గోడౌన్‌లో బస్తాకు వీపు రుద్దుకుంటుంటే మా సేటు దూరం నుంచి చూసి, "గజ్జి గానీ కాదు గదా?" అని అడిగాడు. ఆ సంగతి ఉస్తాద్‌కు చెప్పి విసుక్కుంటుంటే, షెడ్డు వెనకనున్న వాళ్ళింటి పరదా అవతల నుంచి ఆయన భార్య మాట వినపడింది.

"గీస్తే అట్టాగే ఉంటదండీ. పీకాలి. కుదుళ్ళతో రావాలి."

ఆవిడను మేం భాభీ అనేవాళ్ళం. చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. వీధిలో పెళ్ళికూతుళ్ళకు చేతులూ కాళ్ళూ నునుపు చేసేది ఆవిడే. పంచదార, నిమ్మరసం, కాసిని నీళ్ళు పోసి పాకం పట్టడం, అది వెచ్చవెచ్చగా ఉండగా రాసి, పైన గుడ్డపేలిక అదిమి, చటుక్కున లాగడం. మగవాడికి ఆవిడ చెయ్యదు కదా. కాబట్టి పాకం గిన్నె పరదా కిందనుంచి ఇవతలికి వచ్చేది, ఉస్తాద్ రాసేవాడు, ఎలా చెయ్యాలో ఆవిడ లోపలినుంచి చెప్పేది.

పోటీకి రెండు రోజుల ముందు నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. ట్రంకు పెట్టెల రేకు వంచే చేతులు ఉస్తాద్‌వి. మొదటి పేలిక లాగేసరికి నాకు మా ఊరు కనపడింది. "ఎటు లాగారు?" అంది పరదా. "కిందికి" అన్నాడు ఉస్తాద్. "వెంట్రుక కిందికుంటే పైకి లాగాలి. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అంది పరదా. అప్పటినుంచి పైకి లాగాడు. అది ఇంకా ఘోరం. నేను నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను. ఛాతీ, భుజాలు, వీపు, చేతులు అయ్యేసరికి రెండు గంటలు పట్టింది. అద్దంలో చూసుకుంటే ఎవరో తొక్క తీసిన మనిషి నిలబడి ఉన్నాడు.

ఆ పూటే భాభీ లెక్క మొత్తం చెప్పింది. ఇవాళ వేడినీళ్ళు పోసుకోవద్దు, కొబ్బరినూనె రాయి. మూడు వారాలు నిక్షేపంగా ఉంటది, నాలుగో వారం అక్కడక్కడా కనపడతది. మొదటిసారి కాబట్టి ఇంకా ముందే రావొచ్చు. మళ్ళీ పీకాలంటే బియ్యపు గింజంత పెరిగేదాకా ఆగాలి, పొట్టిగా ఉంటే పాకానికి అందదు. మొదటిసారి ముందెందుకు వస్తుందని అడిగాను. "అన్నీ ఒకేసారి మొలిచినయ్యి కాదుగా" అంది. సార్వా, దాళ్వా అని ఏడాదికి రెండు పంటలు చూసినవాణ్ణి, నాకు వెంటనే అర్థమైంది. పీకింది పైకి వచ్చిన పంట మాత్రమే. చర్మం కింద ఇంకో పంట వరసలో ఉంటుంది.

పోటీలో ఐదో స్థానం వచ్చింది. దాని గురించి చెప్పుకోవాల్సిందేమీ లేదు. చెప్పుకోవాల్సింది ఆ మర్నాటి సంగతి. సెలవు పెట్టి ఉయ్యూరు మీదుగా బస్సులో ఇంటికి వెళ్ళాను. దొడ్లో స్నానం చేస్తుంటే, వీపు రుద్దడానికి అలవాటుగా అమ్మ వచ్చింది. ఎంత పెద్దవాణ్ణయినా వీపు ఆమే రుద్దేది. చెంబు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏమైందిరా? ఒంట్లో బాగాలేదా?" అంది ముందు. తర్వాత వీపు మీద చెయ్యి వేసి, మెల్లగా పైనుంచి కిందిదాకా నిమిరింది. "అంతా పోయిందా?"

ఆమె మొహంలో అంత సంతోషం నేను డిగ్రీ పాసైనప్పుడు కూడా చూడలేదు. నిజం చెబుదామనే నోరు తెరిచాను. వచ్చింది మాత్రం వేరే మాట. "కసరత్తు చేస్తే రాలిపోయినయ్యమ్మా" అన్నాను.

"ఇంక రావుగా?"

"రావు."

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నాది నాలుగు వారాలు మాత్రమే అతికి ఉండే అబద్ధం. సాయంత్రానికి పక్కింటి పిన్ని వచ్చింది, ఎదురింటామె వచ్చింది. బనీనుతో కూర్చున్న నన్ను చూపించి అమ్మ, "నేను పెట్టిన నలుగు ఇప్పటికి పనిచేసిందే" అని నవ్వింది. ఆ నవ్వు వేరు, పెళ్ళి పందిట్లో నవ్వు వేరు. పెళ్ళిలో నేనన్న మాటను నా ఒంటితోనే తుడిచేశాననుకున్నాను. ఇక అది మళ్ళీ మొలవకుండా చూసుకోవాలి, అంతే కదా అనుకున్నాను.

అలా మొదలైంది. బియ్యపు గింజంత పెరగ్గానే పీకించుకోవడం, పీకించుకున్న మూడు రోజుల్లోపు ఊరికి వెళ్ళడం. మొలకలు పైకొచ్చే రోజుల్లో, పాకానికి అందనంత పొట్టిగా ఉండే రోజుల్లో ఊరి వైపు చూసేవాణ్ణి కాదు. ఒకసారి ఉస్తాద్ కుటుంబం గుంటూరు వెళ్తే నేనే పూనుకున్నాను. పాకం గురించి నాకొకరు చెప్పాలా, అరిసెల ఊళ్ళో పుట్టినవాణ్ణి. ఇంటినుంచి అమ్మ పంపిన బెల్లం ఉంది. కిరసనాయిలు స్టవ్ మీద అరిసెలకు పట్టినట్టే పట్టాను, పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వేసి చూశాను, ఉండ కట్టింది, దించాను. ఛాతీ మీద రాసుకున్న రెండు నిమిషాల్లో అది రాయి అయి కూర్చుంది. లాగితే చర్మం వస్తోంది గానీ అచ్చు రావడం లేదు. గోరువెచ్చటి నీళ్ళు పోసుకుంటూ గంటసేపు కరిగించుకున్నాను. వారం రోజులు నా పక్క చుట్టూ చీమలు తిరిగాయి. భాభీకి చెబితే పరదా అవతల చాలాసేపు మాట లేదు. నవ్వు ఆపుకుంటోందని తర్వాత ఉస్తాద్ చెప్పాడు.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ముక్కుకు నిమ్మరసం, కాగుతున్న పంచదార వాసన తగులుతుంది. సాయంత్రం పూట షెడ్డులో ఇనప గుండ్ల చప్పుడు, సందులో తోపుడుబండ్ల వాళ్ళ కేకలు, పరదా అవతల గిన్నెలో గరిటె తిరుగుతున్న శబ్దం. నేను బల్ల మీద తువ్వాలు కొరుక్కుంటూ పడుకుని ఉంటే ఉస్తాద్, "ఇంత బాధ ఎవరి కోసం బాబూ, పోటీలు కూడా మానేశావుగా?" అనేవాడు. "ఎవరన్నా పిల్ల ఉందా?" అని భాభీ లోపలినుంచి ఆశగా అడిగేది. మా అమ్మ కోసం అని చెబితే నమ్ముతారా? చెప్పలేదు. తర్వాత కొన్నాళ్ళకు బెంజ్ సర్కిల్ వైపు మగవాళ్ళకు కూడా ఇవన్నీ చేసే పార్లర్లు వచ్చాయి. ఏసీ గది, డబ్బాలో మైనం, కాగితపు పట్టీలు. అక్కడి కుర్రాడు ప్రతిసారీ "పెళ్ళా సార్?" అని అడిగేవాడు. ఎన్నాళ్ళుంటుందంటే వాడూ మూడు నాలుగు వారాలనే చెప్పాడు. మైనం మారింది గానీ గడువు మారలేదు. నేను మళ్ళీ ఉస్తాద్ బల్ల దగ్గరికే వచ్చాను.

ఆరేళ్ళు గడిచాయి. అమ్మకు కళ్ళల్లో పొర వచ్చింది. కుడికన్ను బాగా మసక, ఎడమకన్ను ఫర్వాలేదు. విజయవాడ తీసుకొచ్చి చూపిస్తే ఆపరేషన్ చెయ్యాలన్నారు, నెల తర్వాత తేదీ ఇచ్చారు. ఆ తేదీ చూసుకుని రాత్రంతా వేళ్ళు లెక్కపెట్టుకున్నాను. సరిగ్గా మొలకల వారం. అమ్మ వచ్చి నా గదిలో వారం రోజులు ఉంటుంది. ఒళ్ళంతా గరుకుగా, పీకడానికి అందకుండా, దాచడానికి కుదరకుండా ఉంటాను. నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆస్పత్రికి వెళ్ళి తేదీ పదిరోజులు వాయిదా వేయించుకున్నాను. ఇంటికి ఫోన్ చేసి డాక్టరుగారు ఊళ్ళో లేరని చెప్పాను. "ఆయన వచ్చినాకే చేయించుకుందాంలే, తొందరేముంది" అంది అమ్మ.

ఆ పదిరోజుల్లోనే పాలచెంబుతో మెట్టు దిగుతూ అంచు కనపడక అమ్మ పడింది. మోకాలు చీరుకుపోయింది, మోచెయ్యి వాచింది. నాన్న ఫోన్ చేసి, "పెద్ద దెబ్బేం కాదులే, నువ్వు కంగారుపడి రాకు" అన్నాడు. నేను దొరికిన బస్సు ఎక్కాను. దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను. నా వీపు నునుపు కోసం అమ్మను చీకట్లో నడిపించాను. ఒంటి మీద మొలకలు మొలకలుగానే ఉన్నాయి. పొడుగు చేతుల చొక్కా వేసుకుని గుండీలు మెడదాకా పెట్టుకుని వెళ్ళి, డాక్టరుగారు వచ్చేశారని చెప్పి మర్నాడే ఆమెను తీసుకొచ్చి, ఆస్పత్రిలో బతిమాలి ఆపరేషన్ చేయించాను.

కుడికంటికి పచ్చగుడ్డ కట్టి పంపించారు. తల వంచొద్దు, బరువెత్తొద్దు, కంట్లో నీళ్ళు తిరగనివ్వొద్దు అని నర్సు మూడుసార్లు చెప్పింది. రెండో రోజు మధ్యాహ్నం భోజనమయ్యాక వరండాలో కూర్చుంటానంటే లేవదీశాను. కొత్త చోటు, ఒంటికన్ను చూపు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. గడప దాటుతూ పట్టు కోసం చెయ్యి ఇంకొంచెం పైకి జరిపింది. చొక్కా చెయ్యి పైకి జరిగింది. ఆమె వేళ్ళు అక్కడ ఆగాయి.

అమ్మ కుర్చీలో కూర్చుంది. నా చెయ్యి వదల్లేదు.

"ఈసారి చేయించుకోలేదా?" అంది.

"ఏంటమ్మా?"

"అదేరా, పీకించుకుంటావుగా. మర్చిపోయావా?"

ఆమె మామూలుగా, బియ్యం బాగుచేస్తూ మాట్లాడినట్టు మాట్లాడింది. "రెండోసారి వచ్చినప్పుడే తెలిసింది. వీపు రుద్దుతుంటే భుజాల కింద మోళ్ళు తగిలినయ్యి, కోత కోసిన మళ్ళో లాగా. ఎవరో అందని చోట వదిలేశారు. రాలిపోతే మోళ్ళెందుకుంటయ్యిరా?"

"మరి ఊళ్ళో అందరికీ రాలిపోయినయ్యనే చెప్పావుగా?"

"నా కోసం నువ్వంత అవస్థ పడుతుంటే కాదని ఎట్టా చెప్పను? అదీగాక, అంతకుముందు నువ్వు ఆర్నెల్లకోసారి వచ్చేవాడివి. అది మొదలెట్టినాక నెల తప్పకుండా వచ్చావు. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని మీ పిన్ని అంటుంటే, నా కొడుకు గడ్డాలొచ్చినాకే ఎక్కువ వస్తున్నాడు అనేదాన్ని. తెలిసిందని చెబితే మానేస్తావేమోనని ఊరుకున్నా."

అప్పుడు అడిగాను. పన్నెండేళ్ళుగా గొంతులో పెట్టుకున్నది. "పెళ్ళిలో ఆరోజు నేనన్న మాట గుర్తుందా అమ్మా?"

ఆమె వీధి వైపు చూసింది. "గుర్తు లేకేం" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "బద్ధకించలేదురా. రోజూ పెట్టేదాన్ని. ముద్ద దొర్లిస్తుంటే వెంట్రుక లాగినప్పుడల్లా గుక్కపట్టి ఏడ్చేవాడివి. మొహం నల్లబడిపోయేది. పదిరోజులు చూశా, పదకొండో రోజు నా వల్ల కాలేదు. మీ నాయనమ్మకు తెలియకుండా వట్టి నూనె రాసి, నీళ్ళు పోసి తెచ్చేదాన్ని. ఆ పిండిముద్ద గేదెకు పెట్టేదాన్ని. మూడు నెలలూ అంతే."

"మరి చెప్పొచ్చుగా? అందరూ అన్ని మాటలంటుంటే, నేనే అంటుంటే, ఒక్కసారన్నా చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? పిల్లాడు ఓర్చుకోలేదు అని పసోడి మీద పెట్టనా? నన్నే అననీలే అనుకున్నా."

ఆ ముద్ద ఎంత మంట పెడుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు. ఇరవై తొమ్మిదేళ్ళవాణ్ణి, బరువులెత్తేవాణ్ణి, నెలనెలా నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను. ఆమె నన్ను నెలల పిల్లాడిగా ఆ బాధ పడనివ్వలేదు. పడనివ్వనందుకు ఊరంతటి మాటా పడింది, అందులో మొదటి సాక్షిని నేనే. ఆమె పాదాల దగ్గర కింద కూర్చుని, "తప్పయిందమ్మా. ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాను.

అమ్మ చెయ్యి నా తల మీదకు వచ్చింది. కట్టు లేని కన్ను అప్పటికే చెమ్మగిల్లుతోంది.

"ఊరుకోరా. నాకు నీళ్ళు రాకూడదని చెప్పారుగా" అంది.

ఆమె ఏడవకూడదు కాబట్టి ఆ మధ్యాహ్నం ఇద్దరి ఏడుపూ నేనే ఏడ్చాను.